సోఫాలో కూర్చున్నాయన తీర్పు

(ఒక ఫిలిం క్లబ్బు సమావేశంలో చేసిన ప్రసంగం, చివర్లో ప్రశ్నోత్తరాలతో)

అందరికీ నమస్కారం.

బ్రిటిష్ కామెడీ గురించి మాట్లాడమన్నారు. విమర్శకులు రాసినవి, యూనివర్సిటీల్లో తేల్చినవి ఈ పూటకి పక్కన పెడదాం. వాటిని ఎవరికి వాళ్ళు చదువుకోవచ్చు. నేను చెప్పేది మామూలు ప్రేక్షకుడి సంగతి. రాత్రి భోంచేసి, సోఫాలో కాళ్ళు చాపుకుని, "ఇదేం ప్రోగ్రామ్ రా బాబూ" అని గొణుక్కుంటూనే చివరిదాకా చూసే మనిషి. ఆయన అభిప్రాయం ఏ పత్రికలోనూ అచ్చు కాదు. అయినా ఆ దేశంలో ఏ హాస్యం బతికింది, ఏది పోయింది అని లెక్క తీస్తే, చివరి మాట ఆయనదే. కాకపోతే ఆయన వెంటనే చెప్పడు. తీరిగ్గా, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత చెప్తాడు.

ఉద్యోగం పేరుతో కొన్నేళ్ళు ఇంగ్లండ్‌లో డెర్బీ అనే ఊళ్ళో ఉన్నాను. పక్కింట్లో బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన, ఆయన భార్య ఉండేవాళ్ళు. సాయంత్రాలు వాళ్ళింట్లో టీవీ చూడటం అలవాటైంది. ఆయనకు సినిమా అంటే పిచ్చేమీ లేదు, దర్శకుల పేర్లు గుర్తుండవు. కానీ ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది. సినిమా గంటన్నర దాటితే తీసినవాడికి ఎడిటింగ్ రాదని. హీరో మరీ మంచివాడైతే వాడేదో దాస్తున్నాడని. ఈ రోజు నేను చెప్పే వాటిలో కొన్ని పుస్తకాల్లో దొరికిన సంగతులు, కొన్ని ఆ పెద్దాయన మాటలు. ఎవరివి ఏవో వింటుంటే మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక కరెంటు లెక్క. కామెడీకీ కరెంటుకీ ఏం సంబంధం అంటారా, ఉంది. ఆ దేశంలో అందరూ చూసే ప్రోగ్రామ్ అయిపోగానే లక్షల ఇళ్ళలో ఒకేసారి ఎలక్ట్రిక్ కెటిల్ స్విచ్ వేస్తారు, టీ కోసం. ఒక్కో కెటిల్ రెండు మూడు కిలోవాట్లు లాగుతుంది. దాంతో గ్రిడ్ మీద ఒక్కసారిగా లోడు పడుతుంది. అందుకని గ్రిడ్ కంట్రోల్ రూమ్ వాళ్ళు టీవీ కార్యక్రమాల పట్టిక పక్కన పెట్టుకుని పనిచేసేవాళ్ళు. 1990 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్ పెనాల్టీల్లో పశ్చిమ జర్మనీ చేతిలో ఓడిపోయిన రాత్రి లోడు ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగింది. వేల్స్ కొండల్లో డినోర్విగ్ అని ఒక కేంద్రం ఉంది. మన శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో లాగే అక్కడా నీళ్ళు పైకి తోడిపెట్టుకుని, కావలసినప్పుడు కిందికి వదులుతారు. టర్బైన్లు గాలిలో తిప్పి సిద్ధంగా ఉంచితే, పన్నెండు సెకన్లలో 1,320 మెగావాట్లు అందిస్తుంది. సీరియల్ ఎపిసోడ్ చివర్లో పేర్లు పడే సమయానికి ఒక కొండ కింద ఇంజనీర్లు రెడీగా ఉండాలన్నమాట.

ఎందుకు చెప్పానంటే, ఒక దేశం మొత్తం ఒకేసారి ఒకే దాన్ని చూసిన రోజులవి. 1955 దాకా ఒకటే చానెల్, తర్వాత రెండు, 1964లో మూడు, 1982లో నాలుగు. నచ్చకపోతే తిప్పేయడానికి ఎక్కువ దారుల్లేవు. నచ్చకపోయినా చూస్తూ కూర్చునేవాళ్ళు. కూర్చుంటే, కొన్నాళ్ళకి నచ్చేది.

పైగా డబ్బు వాళ్ళది. బీబీసీకి ప్రకటనలు ఉండవు కదా, టీవీ చూసే ప్రతి ఇల్లూ ఏటా టీవీ లైసెన్సు కట్టాలి. 2025 ఏప్రిల్‌లో అది 174 పౌండ్ల 50 పెన్నీలు అయింది. మా పెద్దాయన దృష్టిలో లైసెన్సు అంటే బీబీసీలో వాటా. నచ్చని ప్రోగ్రామ్ వస్తే "నా డబ్బు" అనేవాడు, ఎవరో జేబులోంచి తీసుకెళ్ళినట్టు. ప్రేక్షకుల ఉత్తరాలు చదవడానికే బీబీసీ 1961లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది, పాయింట్స్ ఆఫ్ వ్యూ అని. మాంటీ పైథాన్ అనే కామెడీ బృందమైతే ఆ ఫిర్యాదు ఉత్తరాల ధోరణినే తీసుకుని, ప్రోగ్రామ్ మధ్యలో దొంగ ఉత్తరాలు చదివేవాళ్ళు. ఫిర్యాదు చేసేవాళ్ళు కూడా వాటికి నవ్వారు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఆ దేశం ఇవాళ నెత్తిన పెట్టుకునే కామెడీలు తీసుకోండి. మొదటిసారి చూసినప్పుడు వాటి మీద వచ్చిన తీర్పు ఏంటి?

డాడ్స్ ఆర్మీ. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి పనికిరాని వయసు వాళ్ళు, లేదా సైన్యానికి వయసు చాలని కుర్రాళ్ళు, ఊరి కాపలాకి హోమ్ గార్డులో చేరేవాళ్ళు. రచయితల్లో ఒకరైన జిమ్మీ పెర్రీ కుర్రతనంలో స్వయంగా హోమ్ గార్డులో పనిచేసినవాడే. 1968లో ప్రసారానికి ముందు మొదటి ఎపిసోడ్‌ని కొంతమంది మామూలు జనానికి వేసి చూపించి అభిప్రాయం అడిగారు. ఎక్కువమందికి నచ్చలేదు. ఆ రిపోర్టుని యూనిట్‌లో వాళ్ళెవరో రెండో రచయిత, నిర్మాత డేవిడ్ క్రాఫ్ట్ టేబుల్ మీది కాగితాల కట్టలో అట్టడుగున పెట్టేశారు. ఆయన కంటబడేసరికి కొన్ని నెలలు గడిచాయి. ఈలోగా సీరియల్ ప్రసారమైంది, జనానికి నచ్చింది. 1977 దాకా 80 ఎపిసోడ్లు నడిచింది. ఇప్పటికీ రిపీట్ చేస్తూనే ఉన్నారు. ఆ కాగితాల కట్టకి దండ వేయాలి నన్నడిగితే.

(నవ్వులు)

అందులో ఒక సంగతి చెప్తాను, వాళ్ళ హాస్యం ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ దళానికి నాయకుడు కెప్టెన్ మానరింగ్. మామూలుగా బ్యాంకు మేనేజరు. పొట్టి, లావు, తనొక నెపోలియన్ అనుకుంటాడు. 1973లో వచ్చిన ఎపిసోడ్‌లో జర్మన్ జలాంతర్గామి కెప్టెన్ ఒకడు, తన మనుషులతో సహా, వీళ్ళకు ఖైదీగా చిక్కుతాడు. ఖైదీ అయినా పొగరు తగ్గదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, యుద్ధం గెలిచాక మీ అందరి లెక్కా తేలుస్తాం అని ఎదురు మాట్లాడినవాళ్ళ పేర్లు రాసుకుంటుంటాడు. దళంలో అందరికన్నా చిన్నవాడు పైక్. అమ్మ చాటు కుర్రాడు. వాడు హిట్లర్ని వెక్కిరిస్తూ పాట ఎత్తుకుంటాడు. జర్మన్ కెప్టెన్ పుస్తకం తెరిచి, "నీ పేరు కూడా రాస్తాను, నీ పేరేంటి?" అంటాడు. మానరింగ్ గాభరాగా, "చెప్పకు, పైక్!" అంటాడు.

అంతే. ఎవరూ జారి పడలేదు, ఎవరూ చెంపదెబ్బ తినలేదు. కానీ గమనించండి, ఈ మాట పేలాలంటే మానరింగ్ ఎలాంటివాడో మనకి ముందే తెలిసుండాలి. తన కుర్రాణ్ణి కాపాడాలనే ఆత్రం, తను తెలివైనవాణ్ణనే నమ్మకం, రెండూ ఒకే క్షణంలో కలిసి బోర్లా పడతాయి. అప్పటికి ఆ సీరియల్ మొదలై అయిదేళ్ళు. ఈ మాటే మొదటి ఎపిసోడ్‌లో వచ్చుంటే ఇంత నవ్వు వచ్చేది కాదు. అయిదేళ్ళుగా ప్రతి వారం పొరుగింటివాళ్ళని చూసినట్టు చూశారు కాబట్టి, ఆ రెండు ముక్కలకే ఇల్లంతా నవ్వింది. ఏళ్ళ తర్వాత చెప్తాడన్నానే, అది ఇది.

ఫాల్టీ టవర్స్‌ది ఇంకో కథ. పైథాన్ బృందంలోని జాన్ క్లీజ్, ఆయనతో కాన్నీ బూత్ కలిసి రాశారు. 1970లో పైథాన్ బృందం షూటింగ్ కోసం టోర్కీ అనే సముద్రతీరపు ఊళ్ళో ఒక హోటల్లో దిగింది. ఆ యజమాని అతిథులంటేనే చిరాకుపడే రకం. మిగతావాళ్ళు వేరే హోటల్‌కి పోయినా క్లీజ్ కదల్లేదు, ఆయన్ని చూస్తూ ఉండిపోయాడు. అలా పుట్టినవాడే ఈ సీరియల్లో హోటల్ యజమాని బాసిల్ ఫాల్టీ. బీబీసీలో స్క్రిప్టు చదివి అభిప్రాయం చెప్పే ఒకాయన, ఇది పాత మూసలో పోసిన పాత్రల గుంపు, ఘోరంగా పోతుంది అని నోట్ రాశాడు. ఆ నోట్ ఇప్పుడు సీరియల్ అంత ప్రసిద్ధం. 1975లో ఆరు ఎపిసోడ్లు, 1979లో ఇంకో ఆరు. మొత్తం పన్నెండే. 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆ దేశపు వంద గొప్ప టీవీ కార్యక్రమాల జాబితా వేస్తే, ఇది మొదటి స్థానంలో నిలిచింది.

ఇలాంటిదే ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్. దక్షిణ లండన్‌లో పెక్కమ్ అనే పేట. మూడు చక్రాల డొక్కు బండి మీద, ఎక్కడివో తెలియని సరుకులు అమ్ముకుంటూ, "వచ్చే ఏడాది ఈపాటికి కోటీశ్వరులం" అని కలలు కనే అన్నదమ్ములు. 1981లో మొదలైనప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రిపీట్లు వేస్తూ పోగా పోగా జనం పెరిగారు. 1996 డిసెంబర్ 29న వచ్చిన ఎపిసోడ్‌ని 2 కోట్ల 43 లక్షల మంది చూశారు. బ్రిటన్‌లో ఇంకే సిట్‌కామ్‌కీ, అంటే అవే పాత్రలతో వారం వారం నడిచే హాస్య సీరియల్‌కీ, అంతమంది రాలేదు. పదిహేనేళ్ళు పట్టింది ఆ తీర్పు రావడానికి!

మనకి శుక్రవారం బెనిఫిట్ షో ఇంటర్వెల్‌కే సినిమా పోయిందో నిలిచిందో తేలిపోతుంది. అయినా మనకీ ఇలాంటి ఆలస్యాలు లేకపోలేదు. 2010లో ఖలేజా థియేటర్లలో ఆడలేదు. టీవీలో వేసి వేసి, ఇవాళ డైలాగులు నోటికి రానివాళ్ళు లేరు. టీవీ అనేది ఒక పైకోర్టు అనుకోండి.

అక్కడ ఆ పైకోర్టు నడవడానికి పద్ధతి కూడా కలిసొచ్చింది. ఒక సిరీస్ అంటే ఆరేడు ఎపిసోడ్లు. రాసేది ఒకరు లేదా ఇద్దరు. అమెరికాలో లాగా గదినిండా రచయితలుండరు. తక్కువ కాబట్టి ఖర్చు తక్కువ, పోతే పోయింది అనుకునే ధైర్యం ఉండేది. బ్లాక్ యాడర్ మొదటి సిరీస్ 1983లో కోటలు, గుర్రాలతో భారీగా తీశారు. నవ్వు మాత్రం అంతంతే. బీబీసీ వన్ పగ్గాలు పట్టిన మైకేల్ గ్రేడ్ దాన్ని ఆపేద్దామనుకున్నాడు. ఖర్చు తగ్గిస్తేనే రెండోది అన్నారు. గుర్రాలు పోయి స్టూడియోలో నాలుగు గోడలు మిగిలాయి. బెన్ ఎల్టన్ రాయడానికి చేరాడు. అక్కణ్ణుంచి మాటే ప్రాణమైంది, సీరియల్ లేచింది. డబ్బు తగ్గితే కామెడీ బాగుపడుతుందని నేను సూత్రం చెప్పడం లేదు, నిర్మాతలెవరైనా ఇక్కడుంటే దయచేసి రాసుకోకండి.

(నవ్వులు)

ఇంతవరకూ ప్రేక్షకుణ్ణి పొగిడాను. ఇప్పుడు రెండో వైపు. ఆయన నవ్వాడు సరే, దేనికి నవ్వాడు?

1966లో టిల్ డెత్ అజ్ డూ పార్ట్ అనే సీరియల్ మొదలైంది. ఆల్ఫ్ గార్నెట్ అని లండన్ రేవు కూలీ. నల్లవాళ్ళంటే పడదు, ఆసియా వాళ్ళంటే పడదు, ఆడవాళ్ళు నోరెత్తకూడదు, నోరు తెరిస్తే తిట్లు. రచయిత జానీ స్పైట్ ఉద్దేశం వాణ్ణి నవ్వులపాలు చెయ్యడం. వేషం వేసిన వారెన్ మిచెల్ వాడికి పూర్తిగా వ్యతిరేకమైన మనిషి, యూదుడు. కానీ చూసేవాళ్ళలో చాలామంది వాణ్ణి చూసి నవ్వలేదు, వాడితో కలిసి నవ్వారు. "వాడైనా నిజం మాట్లాడుతున్నాడు" అన్నారు. వీధిలో మిచెల్‌ని ఆపి శభాష్ అన్నవాళ్ళున్నారు. ఇంకోవైపు మేరీ వైట్‌హౌస్ అనే స్కూలు టీచరమ్మ, 1964లో టీవీని శుభ్రం చేయాలని ఉద్యమం మొదలుపెట్టినావిడ, ఈ సీరియల్లో బూతులు లెక్కపెట్టింది. తిట్ల మీద పోరాటం జరిగింది గానీ, ఆ తిట్లు ఎవర్ని తిడుతున్నాయో అన్న మాట వెనకబడింది. నాకైతే అదే ఎక్కువ బాధ.

మన వాళ్ళ సంగతి ఇక్కడే వస్తుంది. ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్ అని డాడ్స్ ఆర్మీ రాసినవాళ్ళే రాసిన ఇంకో సీరియల్, 1974 నుంచి 1981 దాకా వచ్చింది. కథ మొదలయ్యేది మన మహారాష్ట్రలోని దేవ్‌లాలీ సైనిక శిబిరంలో. అందులో రంగీ రామ్ అనే భారతీయ పాత్ర వేసింది మైకేల్ బేట్స్, ముఖానికి రంగు పూసుకుని. ఆయన పుట్టింది ఝాన్సీలో, హిందుస్తానీ బాగా వచ్చు. అయినా రంగు రంగే. డాడ్స్ ఆర్మీని ఇప్పటికీ వేసే బీబీసీ ఇవాళ దీన్ని వేయదు. మా పెద్దాయనకు ఇదంటే ప్రాణం. "ఇందులో ఎవర్నీ అవమానించలేదు" అనేవాడు. నేను గదిలో ఉన్నప్పుడు కొంచెం తక్కువ గట్టిగా అనేవాడు. ఆ తగ్గించడంలోనే జవాబు ఉందని నాకనిపించేది.

లెక్క సమం చేసింది మటుకు 1998లో టీవీకొచ్చిన గుడ్‌నెస్ గ్రేషస్ మీ. సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్, కుల్విందర్ ఘీర్, నీనా వాడియా. ఆ నలుగురూ బ్రిటన్‌లో స్థిరపడ్డ మన దేశపు మనుషులు, లేదా వాళ్ళ పిల్లలు. ఇంగ్లీషు వాళ్ళకి ఒక అలవాటుంది, శుక్రవారం రాత్రి పబ్బులో తాగి, ఇండియన్ రెస్టారెంటుకి వెళ్ళి, వెయిటర్‌తో వెటకారాలాడి, అన్నింటికన్నా కారంగా ఉండేది తెమ్మని మగతనం చూపించుకోవడం. వీళ్ళు దాన్ని తిరగేశారు. బొంబాయిలో కొందరు కుర్రాళ్ళు తాగి ఇంగ్లీషు రెస్టారెంటుకి వస్తారు. వెయిటర్ పేరుని ఖూనీ చేస్తారు. మెనూలో అన్నింటికన్నా చప్పగా ఉండేదేదో అది పట్రా అంటారు. ఒక్క తిట్టు లేదు, ఒక్క ఉపన్యాసం లేదు. మా పెద్దాయన దీనికి కడుపుబ్బ నవ్వి, నవ్వు ఆగాక కాసేపు ఊరుకుని, "మేం నిజంగా అలాగే ఉంటాం కదా" అని భార్య వైపు చూశాడు. ఆవిడ "నువ్వు ఇంకా ఘోరం" అంది.

సినిమాల గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మా పెద్దాయన కూడా వాటి గురించి త్వరగానే తేల్చేసేవాడు. 1999లో వచ్చిన నాటింగ్ హిల్, ఆ పేరున్న లండన్ పేటలో జరిగే ప్రేమకథ, చూసి ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. పుస్తకాలు అమ్ముడుపోని కొట్టువాడికి లండన్‌లో ఆ ఇల్లు ఎలా వచ్చింది? కరీబియన్ జనం ఏటా కార్నివాల్ జరుపుకునే పేటలో నల్లవాళ్ళు కనబడరేం అని అప్పట్లో పత్రికలూ అడిగాయి. అంతకు రెండేళ్ళ ముందు వచ్చిన ద ఫుల్ మాంటీ ఆయనకు నచ్చింది. షెఫీల్డ్‌లో ఉక్కు ఫ్యాక్టరీలు మూతబడి పనులు పోయిన మగవాళ్ళు, డబ్బు కోసం స్టేజీ మీద బట్టలు విప్పే షో పెట్టాలనుకుంటారు. నిరుద్యోగ భృతి కోసం క్యూలో నిలబడ్డప్పుడు రేడియోలో డోనా సమ్మర్ పాట వస్తుంది. ఒకడి భుజం కదులుతుంది. ఇంకొకడి నడుము కదులుతుంది. ముఖాలు మాత్రం క్యూలో నిలబడ్డ ముఖాల్లాగే ఉంటాయి. ఎవరూ ఎవరి వైపూ చూడరు. పరువు, ఆకలి, డాన్సు, మూడూ ఆ క్యూలో ఇమిడిపోయాయి. పెద్దాయన ఆ క్యూల్లో నిలబడ్డ మనిషి, ఆ సీన్లో నవ్వలేదు, వేలితో సోఫా చెయ్యి మీద తాళం వేశాడు.

టీవీలో ఆడినదాన్ని సినిమాగా తీసే జబ్బు వాళ్ళకీ ఉంది. 1971లో ఆన్ ద బసెస్ సీరియల్‌ని సినిమా చేసింది దయ్యాల సినిమాలకు పేరుపడ్డ హామర్ సంస్థ. డబ్బులు బాగా వచ్చాయి. ఆ దెబ్బతో అందరూ ఎగబడ్డారు. అరగంట కథని గంటన్నర చెయ్యాలంటే ఏం చేస్తారు? పాత్రలన్నిటినీ సెలవులకి పంపేస్తారు. బట్టల కొట్టు సిబ్బంది కథ ఆర్ యూ బీయింగ్ సర్వ్‌డ్, 1977లో సినిమా అయితే అందరూ స్పెయిన్ విమానం ఎక్కారు. 2011లో ఇన్‌బిట్వీనర్స్ కుర్రాళ్ళు గ్రీసు దీవికి పోయారు. మా పెద్దాయన సిద్ధాంతం: విమానం కనబడిందంటే ఛానెల్ మార్చెయ్యాలి.

చూడకుండా తీర్పు చెప్పేవాళ్ళ గురించీ ఒక మాట. మాంటీ పైథాన్ వాళ్ళ లైఫ్ ఆఫ్ బ్రయాన్, 1979. ఏసు కాలంలో బ్రయాన్ అనే మామూలు కుర్రాణ్ణి జనం రక్షకుడని పొరబడే కథ. షూటింగ్ దగ్గర పడ్డాక పెట్టుబడి పెట్టే సంస్థ భయపడి తప్పుకుంది. బీటిల్స్ జార్జ్ హారిసన్ తన ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చాడు. కారణం అడిగితే, ఆ సినిమా చూడాలనుంది అన్నాడట. విడుదలయ్యాక చాలా ఊళ్ళ కౌన్సిళ్ళు నిషేధించాయి. వాటిలో కొన్నిచోట్ల అసలు సినిమా హాలే లేదు. నార్వేలో నిషేధిస్తే, "నార్వేలో నిషేధించేంత నవ్వు" అని స్వీడన్‌లో పోస్టర్లు వేసుకున్నారు. టీవీ చర్చలో ఆ బృందంలోని క్లీజ్, పేలిన్‌లను ఒక బిషప్పు గారు, ఒక పేరున్న రచయిత కలిసి కడిగేశారు. సినిమాకి వాళ్ళిద్దరూ పావుగంట ఆలస్యంగా వెళ్ళారని తర్వాత తెలిసింది. బ్రయాన్ వేరు, ఏసు వేరు అని తేటతెల్లంగా చూపించేది ఆ పావుగంటలోనే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 1998లో ద రాయిల్ ఫ్యామిలీ అని వచ్చింది. కరోలిన్ అహెర్న్, క్రెయిగ్ క్యాష్, హెన్రీ నార్మల్ రాశారు. మాంచెస్టర్‌లో ఒక కుటుంబం టీవీ చూస్తూ ఉంటుంది. అదే కథ. కుటుంబాన్ని మనం చూస్తాం, వాళ్ళు టీవీ చూస్తారు. నవ్వుల సౌండు లేదు. అంతకుముందు సిట్‌కామ్‌లు ఎక్కువగా స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి తీసేవాళ్ళు, ఆ వినబడే నవ్వు చాలావరకు నిజమైన జనానిదే. ఇందులో నవ్వు బదులు టీవీ మోత, సిగరెట్ పొగ, టీ ఎవరు పెట్టాలన్న తగువు. తండ్రి జిమ్ కుర్చీలోంచి లేవడు. కనబడ్డ ప్రతివాణ్ణీ తిడతాడు. నడుమ ఫోన్ బిల్లు గొడవ, ఇవాళ ఏం తిన్నావని ఆరా. మొదట్లో చాలామంది "ఇందులో ఏం జరగట్లేదు" అన్నారు. ఏం జరగకపోవడమే అందులో ఉన్నది. వాళ్ళ ప్రేమంతా ఆ తిట్ల మధ్యలో, ఒకరి కాళ్ళ మీద ఇంకొకరు కాళ్ళు వేసుకోవడంలో ఉంటుంది.

ఇక్కడ తమాషా ఏంటంటే, 2013 మార్చిలో చానెల్ ఫోర్ దాన్ని నిజం మనుషులతో మొదలుపెట్టింది. గాగుల్‌బాక్స్. ఊరూరా కొన్ని ఇళ్ళలో చిన్న కెమెరాలు బిగిస్తారు, సిబ్బంది వేరే గదిలో ఉంటారు. ఆ ఇంటివాళ్ళు ఆ వారం వచ్చిన ప్రోగ్రాములు చూస్తూ ఏం మాట్లాడుకుంటే అది చూపిస్తారు. వ్యాఖ్యానం చెప్పిన గొంతు ఎవరిదో తెలుసా? రాయిల్ ఫ్యామిలీ కరోలిన్ అహెర్న్‌దే. 2016లో ఆవిడ పోయాక క్రెయిగ్ క్యాష్ చెప్తున్నాడు. డెర్బీ నుంచి ఒక తండ్రీ కొడుకులు, సిద్దిఖీల కుటుంబం, మొదట్నుంచీ ఉన్నారు. యాభై ఏళ్ళ కింద ఆల్ఫ్ గార్నెట్ తిట్టిన జనమే ఇప్పుడు సోఫాలో కూర్చుని, మొత్తం దేశం తరఫున టీవీ మీద తీర్పులిస్తున్నారు. మా పెద్దాయన అది చూస్తూ, మా ఊరివాళ్ళు అని గర్వపడేవాడు. మళ్ళీ వాళ్ళ అభిప్రాయాలతో పోట్లాడేవాడు, టీవీతోనే.

ఇప్పుడు పరిస్థితి మారింది. స్ట్రీమింగ్‌లో ఒక షో పెడతారు, నెలలో లెక్కలు చూస్తారు, తీసేస్తారు. మానరింగ్‌కి ఇచ్చినట్టు అయిదేళ్ళు ఎవరిస్తారు? అయినా 2024 క్రిస్మస్ రాత్రి గావిన్ అండ్ స్టేసీ చివరి ఎపిసోడ్‌ని 1 కోటి 23 లక్షల మంది ప్రసార సమయంలోనే కూర్చుని చూశారు. అది 2007లో బీబీసీ త్రీ అనే చిన్న చానెల్లో, తక్కువమంది మధ్య మొదలైన సీరియల్. పదిహేడేళ్ళు ఓపిగ్గా పెంచుకుంటే అది. కొత్తగా ఇవాళ మొదలయ్యేదానికి ఆ ఓపిక దొరుకుతుందా అంటే, నాకు నమ్మకం తక్కువ.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మైండ్ యువర్ లాంగ్వేజ్ క్యాసెట్లు తెచ్చుకుని మా ఇంట్లో అందరం పొర్లి పొర్లి నవ్వేవాళ్ళం సార్. అది కూడా తప్పేనంటారా?

తప్పేముందండీ, నేనూ నవ్వాను. 1977లో మొదలైంది. విదేశీయులకు ఇంగ్లీషు నేర్పే రాత్రి బడి. 1979లో దాన్ని ఆపించింది ఎవరనుకున్నారు, ఇందాక చెప్పిన మైకేల్ గ్రేడే. అప్పుడాయన ఇంకో చానెల్లో ఉన్నాడు. జాతుల్ని మూసపోసినట్టు చూపిస్తున్నారని ఆపాడు. నిజమే, సిక్కు అంటే తలపాగా, జపాన్ వాడంటే వంగి దండాలు. కానీ మన దేశంలో దానికి జనం బ్రహ్మరథం పట్టారు. దూరదర్శన్‌లో 1993లో జబాన్ సంభాల్‌కే అని హిందీలో అలాంటిదే వచ్చింది, పంకజ్ కపూర్ మాస్టారు. అందులో నేర్పే భాష హిందీ, కాబట్టి తెలియక తప్పులు చేసేవాళ్ళలో దొర కూడా ఉన్నాడు. మద్రాసు నుంచొచ్చినాయనా ఉన్నాడు. హిందీ వాడు మన దక్షిణాది వాళ్ళ మీద వేసిన జోకులకి మీరు అంతే నవ్వారా? అది మీ ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకోవలసిన సంగతి.

ప్రశ్న: ఇవేవీ చూడనివాళ్ళు దేనితో మొదలుపెట్టాలి?

ఫాల్టీ టవర్స్. పన్నెండే కాబట్టి భయం లేదు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, క్లీజ్ వేగానికి అలవాటైన చెవులే తట్టుకోలేవు. మొదటి ఎపిసోడ్ కాకుండా హోటల్ ఇన్‌స్పెక్టర్ల ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. తర్వాత డాడ్స్ ఆర్మీలో ఆ జలాంతర్గామి ఎపిసోడ్, కానీ దానికి ముందు వేరేవి కనీసం మూడు నాలుగు చూశాకే. 2001 నాటి ది ఆఫీస్ మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు చూడండి. అందులో ఆ మేనేజరు జోకులు వేస్తుంటే మనకి సిగ్గేసి చచ్చిపోతాం. మా పెద్దాయన మొదటిసారి మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. రిపీట్ వేసినప్పుడు పూర్తిగా చూశాడు. మూడోసారి మాత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టి, ఏ జోకు ఎప్పుడొస్తుందో ముందే చెప్పేస్తూ చూపించాడు.